గుడ్డ డైపర్లలో ఏ రకం తీసుకోవాలి? ముందు మీ ఉతుకు సంగతి తేల్చుకోండి

గుడ్డ డైపర్ కొనబోయేవాళ్ళు ఎక్కువగా రంగులు, బొమ్మలు, బిడ్డకు తొడిగితే ఎలా ఉంటుందో చూస్తారు. కానీ డైపర్ బిడ్డ ఒంటిమీద ఉండేది రెండు మూడు గంటలే. మిగతా కాలమంతా బకెట్లోనో, నీళ్ళలోనో, దండెం మీదో గడుపుతుంది. గుడ్డ డైపర్లు మొదలుపెట్టి మానేసినవాళ్ళను కదిపితే తొడగడం కష్టమైందని చెప్పేవాళ్ళు తక్కువ. ఆరలేదనో, వాసన పోలేదనో, కారుతోందనో చెబుతారు. ఈ మూడూ ఉతుకుతో, గుడ్డ ఎంపికతో ముడిపడ్డ ఇబ్బందులే. అందుకే ఇక్కడ ప్రతి రకాన్నీ ముందు ఉతుకు వైపు నుంచి చూస్తాం, సోకు తర్వాత.

కొనేముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఉతికేది చేత్తోనా, మెషీన్లోనా? ఆరేసే చోట ఎండ, గాలి తగులుతాయా, లేక గదిలోనే ఆరాలా? మీరు కాక ఇంకెవరెవరు డైపర్ మారుస్తారు? ఈ జవాబులు లేకుండా ఏ రకం మంచిదని అడిగితే ఎవరూ సరైన మాట చెప్పలేరు.

రకాలు

ఏ గుడ్డ డైపర్లోనైనా ఉండేవి రెండే భాగాలు: తడిని పీల్చుకునే గుడ్డ, ఆ తడిని బయటికి రానివ్వని పొర. రెండూ విడివిడిగా ఉంటే ఉతకడం, ఆరడం సులువు. కలిపి కుట్టేస్తే తొడగడం సులువు. దొరికే రకాలన్నీ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఒకచోట ఉంటాయి.

అన్నిటికన్నా పాతది చదరపు గుడ్డ. సుమారు 70 సెంటీమీటర్ల చదరంలో ఒంటి పొర నూలు గుడ్డ, మస్లిన్ గానీ గళ్ళ నేత గానీ. విప్పితే ఒకే పొర కాబట్టి సబ్బు నీళ్ళు ప్రతి దారానికీ అందుతాయి, మురికి లోపల దాక్కోదు, గదిలో ఆరేసినా పూటలో ఆరిపోతుంది. మరిగించినా పాడవదు. చేత్తో ఉతికేవాళ్ళకు మా మొదటి సలహా ఇదే. మడత నేర్చుకోవాలి, అంతే. రెండు మడతలు వస్తే చాలు.

మొదటిది పట్టీ మడత. గుడ్డను నిలువుగా సగానికి, మళ్ళీ అడ్డంగా సగానికి మడిస్తే 35 సెంటీమీటర్ల చదరంలో నాలుగు పొరలు వస్తాయి. దాన్ని మూడు మడతలు వేస్తే 12 సెంటీమీటర్ల వెడల్పున 12 పొరల పట్టీ తయారవుతుంది. దీన్ని కవర్లో, అంటే నీరు చొరని పై తొడుగులో పరిచి తొడిగేయడమే, పిన్నీసు అక్కర్లేదు. రెండోది గాలిపటం మడత. గుడ్డ ఒక మూల మీ వైపు ఉండేలా పరచండి. మీ వైపు మూల నుంచి బయలుదేరే రెండు అంచులనూ నడిమి గీత మీద కలిసేలా లోపలికి మడవండి. పైన మిగిలిన ముక్కోణాన్ని కిందికి దించండి, కింది కొసను బిడ్డ పొడవును బట్టి పైకి మడవండి. పై అంచు బిడ్డ నడుము కిందికి వస్తుంది. కొసను కాళ్ళ మధ్య నుంచి పొట్ట మీదికి తెచ్చి, రెండు రెక్కలనూ దాని మీద కలిపి బిగించాలి. బిగించడానికి పిన్నీసు వాడితే తాళం పడే మూత ఉన్నదే వాడండి, గుచ్చేటప్పుడు గుడ్డకూ బిడ్డకూ మధ్య మీ వేళ్ళు ఉంచండి. మూడు కొసలకు చిన్న పళ్ళుండే టీ ఆకారపు రబ్బరు పట్టీలు ఇంతకన్నా నయం. గుచ్చుకునే భయం లేదు, సాగుతాయి కూడా.

ప్రీఫోల్డ్ అంటే మడత పని తగ్గించి కుట్టిన దీర్ఘచతురస్రం. మూడు భాగాలుంటాయి. అంచుల్లో నాలుగేసి పొరలు, నడుమ ఆరో ఎనిమిదో. మూడుగా మడిచి కవర్లో పెట్టేయవచ్చు. చదరపు గుడ్డ కన్నా ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, కానీ ఏళ్ళ తరబడి చిరగదు. డైపర్ వయసు దాటాక భుజం మీద వేసుకోవడానికీ, బల్లలు తుడవడానికీ పనికొస్తుంది.

ఫిటెడ్ డైపర్ ఒంటి ఆకారానికి కత్తిరించి, నడుముకూ కాళ్ళకూ ఎలాస్టిక్ కుట్టి, టిచ్ బటన్లు పెట్టింది. మొత్తం గుడ్డే, అంతా పీల్చుకుంటుంది. దాని మీద కవర్ తప్పనిసరి. పలుచటి విరేచనాన్ని పట్టి ఆపడంలో, రాత్రంతా కాయడంలో దీనికి సాటి లేదు. కానీ ఆరడం చాలా ఆలస్యం. అన్నీ ఇవే కొనడం పొరపాటు, రాత్రికి మూడో నాలుగో ఉంటే చాలు.

పాకెట్ డైపర్‌కు బయట నీరు చొరని పొర, లోపల చర్మానికి తగిలే పలుచటి ఫ్లీస్ (నూగున్న మెత్తటి పాలియెస్టర్ గుడ్డ) పొర, రెంటి నడుమ సంచిలాంటి ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీలోకి ఇన్సర్ట్, అంటే తడిని పీల్చే గుడ్డ పట్టీ దూర్చాలి. ఎన్ని దూర్చాలో మీ ఇష్టం కాబట్టి పగటికీ రాత్రికీ సరిపెట్టుకోవచ్చు. సంచి గంటల్లో ఆరుతుంది, ఇన్సర్ట్ విడిగా ఆరుతుంది. ఎక్కువమంది వాడేది ఇదే, అందుకు కారణమూ ఉంది. ఉతికాక ఒకసారి దూర్చి పెట్టుకుంటే ఆ తర్వాత ఎవరైనా పారేసే డైపర్ తొడిగినట్టే తొడగగలరు. పెద్దవాళ్ళకో, క్రెష్‌లో ఆయాకో అప్పగించేవాళ్ళకు ఇది అనువు. చిక్కేమిటంటే ఉతికేముందు తడిసిన ఇన్సర్టును చేత్తో బయటికి లాగాలి. లాగకపోతే లోపల శుభ్రపడదు. రెండు వైపులా నోరున్న సంచి దొరికితే తీసుకోండి, చాలా మెషీన్లలో తిరుగుతూ ఇన్సర్ట్ దానంతటదే జారి బయటికి వస్తుంది.

ఆల్ ఇన్ వన్‌లో అన్నీ కలిపి కుట్టేసి ఉంటాయి. దూర్చడం లేదు, మడవడం లేదు. కొత్తవాళ్ళ మనసు దీని మీదికే పోతుంది. మెషీన్ లేనివాళ్ళు, ముసురు పట్టే చోట ఉండేవాళ్ళు దీని జోలికి పోవద్దు. పొరలన్నీ ఒకచోట కుట్టి ఉండడంతో సబ్బు పూర్తిగా వదలదు, నడుమ చెమ్మ ఒకటిన్నర రోజైనా ఉండిపోతుంది. ఎలాస్టిక్ వదులైనా, పై పొర ఊడినా మొత్తం డైపర్ పోయినట్టే. కొనక తప్పదనుకుంటే పీల్చుకునే పొర ఒక్క కొసన మాత్రమే కుట్టి, నాలుకలా బయటికి వేలాడే రకం చూడండి. అది సగం సమయంలో ఆరుతుంది.

ఆల్ ఇన్ టూ అంటే కవర్, దానికి లోపల టిచ్ బటన్లతో పట్టే ఇన్సర్ట్. మూత్రం మాత్రమే అయితే ఇన్సర్ట్ మార్చి అదే కవర్ రెండు మూడు సార్లు వాడొచ్చు. మలం అంటితే కవరూ ఉతుకులో పడాల్సిందే. బయటికి వెళ్ళేటప్పుడు సంచిలో తక్కువ చోటు పట్టేది ఇదే.

కవర్

నీరు చొరని కవర్ ఎక్కువగా పాలియెస్టర్ గుడ్డకు పాలియురేథేన్ పొర అతికించి చేసింది. పీయూఎల్ అని అమ్మేది ఇదే. 1940ల చివర్లో అమెరికాలో మేరియన్ డోనవన్ స్నానాల గది కర్టెన్ గుడ్డతో ఇలాంటి కవర్ కుట్టి, పిన్నీసుల బదులు బటన్లు పెట్టారు. 1951లో దానికి పేటెంట్ వచ్చింది. అంతకు ముందు వాడిన రబ్బరు ప్యాంట్లు చర్మానికి ఊపిరాడనిచ్చేవి కావు.

కవర్ కొనేటప్పుడు తొడల దగ్గర ఒకే ఎలాస్టిక్ ఉందా, రెండు వరసలున్నాయా చూడండి. లోపలి వైపు రెండో వరస ఉంటే నవజాత శిశువు పలుచటి మలం బట్టల దాకా రాదు. వెల్క్రో పట్టీ ఏ కొలతకైనా సరిగ్గా బిగుస్తుంది, కానీ ఉతికేటప్పుడు దాని మీదే అంటించకపోతే దారాలు పట్టి పాడవుతుంది. పైగా ఏడాది దాటిన పిల్లలు తామే ఊడబీకేస్తారు. టిచ్ బటన్లు ఎక్కువ కాలం మన్నుతాయి. ఉన్ని కవర్ మరో దారి. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను ఒంటికి తడి తెలియకుండా పట్టి ఉంచుతుంది, గాలి ఆడుతుంది. మురికి కానంత వరకు గాలికి ఆరేస్తే చాలు, రెండు మూడు వారాలకోసారి లానోలిన్ (ఉన్నిలో సహజంగా ఉండే మైనం లాంటి పదార్థం) కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో చేత్తో ఉతకాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళకే.

పీల్చుకునే గుడ్డ

రకం కన్నా గుడ్డ ఎంపికే కారడాన్ని ఎక్కువగా తేలుస్తుంది. మైక్రోఫైబర్ పాలియెస్టర్‌తో చేసింది. తడిని వెంటనే అందుకుంటుంది, త్వరగా ఆరుతుంది, కానీ నొక్కితే స్పాంజిలా వదిలేస్తుంది. బిడ్డ కూర్చున్నప్పుడు, ఎత్తుకునే సంచిలో కాళ్ళు నొక్కుకున్నప్పుడు తొడల పక్క నుంచి కారేది ఇందుకే. దీన్ని చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు, ఒంటిలోని తేమనూ లాగేసి చర్మం మంట పుట్టిస్తుంది. సంచి లోపల ఉంటే ఫరవాలేదు.

నూలు అన్నిటికీ మధ్యస్థం. మంచి వేగం, మంచి మన్నిక, ఎంత వేడినైనా తట్టుకుంటుంది. బాంబూ అని చీటీ మీద ఉండేది వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్. నూలు కన్నా ఎక్కువ పీలుస్తుంది, మెత్తగా ఉంటుంది, ఆరడం ఆలస్యం, దారం కాస్త త్వరగా పలచబడుతుంది. హెంప్ అనే నార గుడ్డ మందం తక్కువలో అన్నిటికన్నా ఎక్కువ పట్టుకుంటుంది, నొక్కినా వదలదు. కానీ మెల్లగా పీలుస్తుంది, అందుకే బిడ్డ ఒక్కసారిగా ఎక్కువ మూత్రం పోస్తే అందుకోలేక అంచుల నుంచి పొంగుతుంది. కాలం గడిచేకొద్దీ గట్టిబడుతుంది కూడా. ఆరాక చేతుల్లో నలిపితే మళ్ళీ మెత్తబడుతుంది.

వీటిని కలిపి వాడడంలోనే కిటుకు ఉంది. వేగంగా పీల్చేది పైన, మెల్లగా పీల్చి ఎక్కువ పట్టేది కింద. పాకెట్ సంచిలో పైన మైక్రోఫైబర్ లేక నూలు, కింద హెంప్ పెడితే రెంటి మంచీ దక్కుతుంది. తారుమారు చేస్తే రెంటి చెడూ దక్కుతుంది.

బూడిద రంగులో చార్‌కోల్ బాంబూ పేరుతో వచ్చే ఇన్సర్టుల్లో చాలావాటికి పైన ఉండేది పాలియెస్టర్ ఫ్లీస్, లోపల మైక్రోఫైబర్. రంగు చూసి మోసపోకుండా చీటీ మీద ఏ దారం ఎంత శాతమో చదవండి. రాయని సరుకు కొనకపోవడమే మంచిది.

ఎన్ని కావాలి

నవజాత శిశువుకు రోజుకు 10 నుంచి 12 సార్లు మార్చాల్సి వస్తుంది, ఆరు నెలలకు ఏడెనిమిది, ఏడాది దాటాక ఆరు. మీ లెక్క ఇలా వేసుకోండి: రోజుకు ఎన్ని మారుస్తారో ఆ అంకెను ఎన్ని రోజులకోసారి ఉతుకుతారో దానితో గుణించి, దండెం మీద ఉన్నంతసేపు గడవడానికి ఒక రోజు సగం వాడకం కలపండి. పుట్టిన కొత్తలో రెండు రోజులకోసారి ఉతికితే 24కు ఆరు కలిపి 30. చదరపు గుడ్డలైతే ఇంత కొనడం భారం కాదు. రోజూ ఉతికితే 18 చాలు. ఆరు నెలల బిడ్డకు రెండు రోజుల ఉతుకుతో 20 పాకెట్ డైపర్లు సరిపోతాయి. విడి కవర్లు ఐదారు చాలు. మూడు రోజులకు మించి మురికి గుడ్డలు నిలవ ఉంచితే మరకలు, వాసన, బూజు మూడూ పట్టుకుంటాయి, కాబట్టి ఎక్కువ కొని తక్కువ సార్లు ఉతుకుదామనే ఆలోచన పనిచేయదు.

అన్ని బరువులకూ ఒకే డైపర్ అని అమ్మేవాటి మీద 3 నుంచి 15 కిలోలు అని రాసి ఉంటుంది. ఆచరణలో 4 కిలోల లోపు బిడ్డకు తొడల దగ్గర ఖాళీ ఉండిపోతుంది. మొదటి ఆరేడు వారాలకు చదరపు గుడ్డలు, చిన్న కవర్లు వాడి, ఆ తర్వాత పాకెట్లకు మారడం సులువైన దారి. ఏదైనా ఒకేసారి మొత్తం కొనకండి. రెండు రకాలు మూడేసి కొని, రెండు వారాలు వాడి, ఉతికి, ఆరేసి చూశాకే మిగతావి తీసుకోండి.

తొడగడం

కొత్త నూలు, హెంప్ గుడ్డల్లో సహజమైన నూనెలు ఉంటాయి కాబట్టి మొదట నీళ్ళు పట్టవు. ఐదారు ఉతుకుల తర్వాతే పూర్తిగా పీలుస్తాయి. రెండు ఉతుకుల తర్వాత వాడడం మొదలుపెట్టవచ్చు, కానీ త్వరగా మార్చాలి. ఈ తొలి ఉతుకులు మైక్రోఫైబర్, ఫ్లీస్‌తో కలిపి వేయకండి, వదిలిన నూనె వాటికి పట్టుకుంటుంది.

తొడల ఎలాస్టిక్ గజ్జల మడతలో కూర్చోవాలి, తొడ మీద కాదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తొడ మీద బిగిస్తే గుర్తులూ పడతాయి, కారడమూ ఆగదు. పొట్ట దగ్గర రెండు వేళ్ళు దూరాలి. విప్పాక కనిపించే లేత గీత కాసేపట్లో మాయమైతే సరే, ఎర్రగా గాడి పడితే ఒక బటన్ వదులు చేయండి. మగపిల్లలకు ఇన్సర్టు ముందు భాగంలో రెండు మడతలుగా పెట్టి, పురుషాంగం కిందికి ఉండేలా చూడాలి. పైకి ఉంటే నడుము దగ్గర తడుస్తుంది. ఆడపిల్లలకు మందం నడుమ ఉండాలి. బొడ్డుతాడు రాలేదాకా డైపర్ పై అంచును బొడ్డు కిందికి మడవండి. చివరగా కవర్ అంచు చుట్టూ వేలు తిప్పి, లోపలి గుడ్డ ఒక్క దారమైనా బయట లేకుండా సర్దండి. బయటికి వచ్చిన ఆ దారమే తడిని బట్టల మీదికి లాగుతుంది.

గుడ్డ డైపర్లో జెల్ ఉండదు. పారేసే డైపర్లు అంతసేపు పొడిగా ఉండేది వాటిలో తడి తగలగానే జెల్‌గా మారే సోడియం పాలియాక్రిలేట్ వల్ల. గుడ్డదాన్ని రెండు మూడు గంటలకోసారి, మలం అయితే వెంటనే మార్చాల్సిందే. అది కుదరని ప్రయాణాల్లో పారేసేది వాడుకోవడం తప్పేమీ కాదు.

కాళ్ళు కప్పలా విచ్చుకుని ఉండడం పసిబిడ్డ తుంటికి మంచిదే, డైపర్ లావుగా ఉందని భయపడకండి. రెండు కాళ్ళూ చాపి కలిపి బిగించి చుట్టడమే తుంటి కీలుకు చెరుపు.

ఉతుకు

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలం నీళ్ళలో కరుగుతుంది, దాన్ని విడిగా తీయనక్కర్లేదు. పోతపాలో, ఘనాహారమో మొదలయ్యాక మలాన్ని మరుగుదొడ్లో దులిపి గుడ్డను వెంటనే చల్లటి నీళ్ళతో కడగాలి. వేడి నీళ్ళు పోస్తే మాంసకృత్తుల మరక దారంలో గట్టిపడుతుంది. మలం గుడ్డకు అంటకుండా లైనర్ వేయవచ్చు. పాలియెస్టర్ ఫ్లీస్‌ను 12 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున కత్తిరిస్తే లైనర్ అయిపోయింది. అంచు కుట్టనక్కర్లేదు, దారాలు ఊడవు. పారేసే లైనర్లను ఫ్లష్‌లో వదలవచ్చని పెట్టె మీద ఉన్నా వదలకండి, గొట్టాలు పూడుకుపోతాయి.

మురికి గుడ్డలను నీళ్ళు పోయని బకెట్లో, మూత బిగించకుండా ఉంచండి. గాలి ఆడితే వాసన తక్కువ. గంటల తరబడి నీళ్ళలో నానబెట్టే పాత అలవాటు కవర్ పొరనూ ఎలాస్టిక్‌నూ తినేస్తుంది. అంతకన్నా ముఖ్యం, నీళ్ళున్న బకెట్ పాకే బిడ్డకు ప్రాణాపాయం. తల కిందులుగా పడితే తమంతట తాము బయటికి రాలేరు.

మెషీన్ అయితే రెండు విడతలు. మొదట చిన్న ఉతుకు, మామూలుగా వేసే డెటర్జెంట్‌లో సగంతో. ఇది మూత్రాన్ని వదిలిస్తుంది, ఆ నీళ్ళు పారబోయాలి. తర్వాత పొడవైన ఉతుకు, ఎక్కువ మురికికి పెట్టె మీద రాసిన పూర్తి మోతాదుతో, 60 డిగ్రీల వేడిలో. మూడు నెలల లోపు బిడ్డవైనా, బిడ్డకు జబ్బు చేసినా 60 కన్నా తగ్గించొద్దు. కవర్లకు 40 చాలు. డ్రమ్ము మూడింట రెండు వంతులు నిండాలి. తక్కువైతే గుడ్డలు ఒకదానికొకటి రాసుకోవు, కిక్కిరిస్తే నీళ్ళు అందవు. తక్కువ ఉంటే తువాళ్ళు కలిపి నింపండి. పసిబిడ్డ కదా అని డెటర్జెంట్ రెండు చెంచాలతో సరిపెట్టడం ప్రేమతో చేసే పొరపాటు. సరిగా వదలని మూత్రం సబ్బు కన్నా చర్మానికి ఎక్కువ చేటు చేస్తుంది. సబ్బు బాగా వెయ్యాలి, బాగా జాడించాలి.

చేత్తో అయితే రాత్రి వాడినవి పొద్దున లేవగానే ధారగా నీళ్ళు పోసి జాడించి పిండి పెట్టండి. ఉతికే వేళకు వేడి నీళ్ళలో డెటర్జెంట్ కలిపి కవర్లు తప్ప మిగతావి అరగంట నానబెట్టి, రుద్ది, పిండి, మూడు నీళ్ళలో జాడించాలి. ఆఖరి నీళ్ళలో నురగ కనిపించకూడదు. నూలు గుడ్డలను నెలకోసారి పది నిమిషాలు మరిగించవచ్చు. కవర్లను రుద్దకుండా, మెలిపెట్టి పిండకుండా సబ్బు నీళ్ళలో ముంచి తీసి ఆరేయండి.

ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు, అది దారం మీద నూనెలాంటి పొర వేసి నీటిని తోసేస్తుంది. క్లోరిన్ బ్లీచ్, ఇస్త్రీ, మరిగించడం కవర్ల దగ్గరికి రానివ్వొద్దు. వెనిగర్ ఎలాస్టిక్‌ను వదులు చేస్తుంది. ప్రతి ఉతుకులో యాంటిసెప్టిక్ ద్రావణం కలపడం అక్కర్లేదు, మిగిలిపోతే చర్మానికి మంట. మరకలకు ఎండే మందు. తడిగా ఉన్నప్పుడే మరక వైపు ఎండకు తిప్పి ఆరేస్తే పసుపు మరకలు చాలావరకు వెలిసిపోతాయి. కవర్లను మాత్రం నీడన ఆరేయండి. ఎలాస్టిక్ తడి బరువుకు సాగేలా ఒక కొసన వేలాడదీయకుండా దండెం మీద అడ్డంగా వేయండి.

తేడా వస్తే

పొద్దున డైపర్ విప్పగానే కళ్ళు మండే ఘాటు వస్తే అది అమ్మోనియా. మూత్రంలోని యూరియాను గుడ్డలో మిగిలిన సూక్ష్మజీవులు విడగొడితే పుడుతుంది. అంటే గుడ్డ అసలు శుభ్రపడడం లేదని అర్థం. డెటర్జెంట్ తక్కువ వేస్తున్నారా, డ్రమ్ము కిక్కిరిసిందా, మొదటి విడత ఉతుకు మానేశారా చూడండి. వాసన లేకుండా ఉతికిన గుడ్డ తడపగానే వాసన వస్తే నీళ్ళ గట్టిదనం కారణం కావచ్చు. గట్టి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి దారాల్లో తెట్టులా పేరుకుంటాయి. సబ్బు బిళ్ళతో ఇది మరీ ఎక్కువ, అందుకే డెటర్జెంట్ పొడే మేలు. అలాంటి నీళ్ళకు బకెట్టుకు రెండు పెద్ద చెంచాల చాకలి సోడా ముందు కలిపి, ఆ తర్వాత డెటర్జెంట్ వేయండి. చేతికి తొడుగు వేసుకోండి. వంటసోడా ఆ పని చేయదు.

పీల్చడం తగ్గిందనిపిస్తే ఆరిన ఇన్సర్టు మీద నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. గుండ్రంగా నిలబడి జారిపోతే పొర పట్టినట్టు. పెట్రోలియం జెల్లీ, జింక్ క్రీములు దీనికి పెద్ద కారణం, అందుకే క్రీము రాసినప్పుడు లైనర్ తప్పక వేయండి. పట్టిన పొరను నూలు గుడ్డలైతే వేడి నీళ్ళలో పూర్తి మోతాదు డెటర్జెంట్‌తో రెండుసార్లు ఉతికి వదిలించవచ్చు. ఫ్లీస్ మీద మాత్రం చుక్కలు నిలబడడం సహజమే, ఈ పరీక్ష దాని మీద చేయొద్దు.

కారుతుంటే ఎక్కడ కారుతోందో గమనించండి. తొడ దగ్గరైతే బిగింపు, నడుము ముందైతే మందం పెట్టిన చోటు, అంతటా ఒకేసారైతే గుడ్డ చాలకపోవడం. విప్పి చూసినప్పుడు ఇన్సర్టు సగమే తడిసి ఉంటే పీల్చడంలోనో బిగింపులోనో లోపం, మొత్తం తడిసిపోయి ఉంటే మార్చడం ఆలస్యమైంది. రాత్రికి పడుకునే ముందే మార్చి, ఫిటెడ్ మీద కవర్ వేయండి, లేదా పాకెట్లో హెంప్ ఇన్సర్టు అదనంగా పెట్టండి.

ఒరుపు మామూలుగా గుడ్డ తగిలే ఉబ్బెత్తు భాగాల మీద వస్తుంది, గజ్జల మడతల్లో అంతగా కనిపించదు. మడతల్లోనే ముదురు ఎరుపు, దాని చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది ఫంగస్ కావచ్చు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పుండు పడినా డాక్టరుకు చూపించండి. మందు వాడినన్నాళ్ళూ గుడ్డలు 60 డిగ్రీల్లో ఉతికి, పారేసే లైనర్లు వేయండి.

భూమికి మేలేనా

దీనికీ జవాబు ఉతుకులోనే ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 అధ్యయనంలో ఒక బిడ్డకు రెండున్నరేళ్ళ వాడకాన్ని లెక్క కట్టారు. పారేసే డైపర్లకు సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు, గుడ్డవాటికి సగటున 570 కిలోలు తేలాయి. తేడా లేనట్టే. కానీ మెషీన్ నిండా వేసి ఉతికి, దండెం మీదే ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే గుడ్డవాటి లెక్కలో 200 కిలోల దాకా తగ్గుతుందని అదే అధ్యయనం చెప్పింది. అక్కడి ప్రభుత్వం 2023లో వెలువరించిన కొత్త లెక్కలో పారేసేవి 457 కిలోలు, గుడ్డవి 345 కిలోలు. డ్రయ్యర్ వాడేవాళ్ళు ఈ మేలులో చాలా భాగం కరెంటుకే పోగొట్టుకుంటారు.

వాడినవి కొనడం, దాచడం

ఒకరు వాడిన గుడ్డ డైపర్లు కొనడానికి సంకోచించనక్కర్లేదు, కానీ నాలుగు చోట్ల చూడండి. కవర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పొరలో పగుళ్ళు, బుడగలు, పొరలూడిన చోట్లు తెలుస్తాయి. అలాంటిది వద్దు. ఎలాస్టిక్ సాగదీసి వదిలితే వెంటనే ముడుచుకోవాలి. ప్రతి టిచ్ బటన్ టక్కున పడాలి. ఇన్సర్టు వాసన తడిపి చూడండి, పొడిగా ఉన్నప్పుడు తెలియదు. తెచ్చాక 60 డిగ్రీల్లో పూర్తి మోతాదుతో ఉతికాకే వాడండి. ఎలాస్టిక్ ఒక్కటే పోయి ఉంటే వదిలేయకండి. చాలావాటిలో అది రెండు కొసల దగ్గర మాత్రమే కుట్టి ఉంటుంది. రెండు కొసల కుట్లూ విప్పి, కొత్త ఎలాస్టిక్‌ను పాతదాని కొసకు కుట్టి రెండో వైపు నుంచి లాగి, రెండు కొసలూ బిగిస్తే సరి.

తర్వాతి బిడ్డకు దాచిపెట్టేటప్పుడు జాడింపు ఒకటి అదనంగా ఇచ్చి, ఎండలో రెండు రోజులు గలగలలాడేలా ఆరేయండి. కవర్లను బటన్లు వదిలేసి, మడత నలగకుండా నూలు సంచిలో పరచండి. గాలి లాగేసే ప్లాస్టిక్ సంచుల్లో బిగిస్తే ఎలాస్టిక్ ముడుచుకున్న తీరులోనే ఉండిపోతుంది, మిగిలిన కాస్త చెమ్మకే బూజు పడుతుంది. అటక మీద వేడికి రబ్బరు పెళుసుబారుతుంది, అందుకని బీరువా అడుగు అరలో పెట్టండి.